దిగిన అద్దం మళ్లీ ఎక్కనప్పుడు: ఒక ఎడమ డోర్ పవర్ విండో కేసు

నేపథ్యం

ఇది రాయగడ చుట్టుపక్కల కిరాయికి తిరిగే చిన్న కారు. వయసు ఎనిమిదేళ్లు దాటింది. మామూలు రోజుల్లో గుణుపురం, మునిగుడ వైపు సవారీలు. ఆదివారం వస్తే పార్వతీపురం వైపు నుంచి మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే భక్తులు. యజమానే డ్రైవరు. కంపెనీ పేరు, బండి నంబరు ఇక్కడ అక్కర్లేదు. నాలుగు డోర్లకీ పవర్ విండోలు, డ్రైవరు డోర్ మీద నాలుగింటికీ కలిపి మెయిన్ స్విచ్, మిగతా డోర్లకు తలా ఒక స్విచ్, ప్రతి మోటారు కప్లర్‌లో (వైర్లు కలిసే ప్లగ్గులో) రెండే వైర్లు. ఇంతవరకు తెలిస్తే చాలు. ఒక్క నొక్కుతో పూర్తిగా ఎక్కే ఆటో-అప్ ఈ బండిలో లేదు. అది ఉన్నవాటిలో, మోటారు పక్కనే చిన్న కంట్రోల్ బోర్డు ఉన్నవాటిలో ఈ కింద చెప్పే లెక్క ఇలాగే నడవదు.

కిరాయి బండి కావడం ఈ కేసులో ముఖ్యం. సొంత బండిలో అన్నిటికంటే ఎక్కువసార్లు తెరుచుకునేది డ్రైవరు డోర్. కిరాయి బండిలో ప్రతి స్టాపు దగ్గరా ముందు సీటువాళ్లు ఎక్కి దిగుతారు కాబట్టి ముందు ఎడమ డోర్ దానితో పోటీ పడుతుంది. దానికి తోడు ఎండాకాలమంతా ఎర్రమట్టి దుమ్ము, ఆ తర్వాత వాన. డోర్ లోపలి భాగాలు పాడవడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఫిర్యాదు

"అద్దం దిగుతాది మేస్త్రీ, ఎక్కదు. మోటారు మార్పించాను, స్విచ్ కూడా మార్పించాను. అయినా అంతే."

బండి వచ్చింది వానల్లో. ఎడమ కిటికీకి ప్లాస్టిక్ పట్టా కట్టి, చుట్టూ టేపు వేసి ఉంది. పట్టా విప్పకముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట్లో ఎలా మొదలైంది? డోర్ తెరిచి ఉంచితే అద్దం ఎక్కేదని, మూసి నొక్కితే మధ్యలో ఆగిపోయేదని, కొన్నాళ్లకు తెరిచినా ఎక్కడం మానేసిందని చెప్పాడు. డ్రైవరు వైపు మెయిన్ స్విచ్‌తో నొక్కితే? "దాంతో ఎక్కదు, దిగదు. అది ఎప్పుడో పోయింది, ఈ డోర్ స్విచ్‌తోనే నడిపిస్తున్నాను" అన్నాడు.

తన దృష్టిలో అవి రెండు వేరు వేరు జబ్బులు. నిజానికి రెండూ ఒకే చోటికి దారి చూపిస్తున్నాయి. డోర్ కదలికతో మారే జబ్బు మోటారులో ఉండే అవకాశం చాలా తక్కువ. మోటారు డోర్‌తో పాటే తిరుగుతుంది, దాని కప్లర్ కూడా అంతే. డోర్ తెరిచి మూసినప్పుడు వంగేది ఒక్కటే: బాడీకీ డోర్‌కీ మధ్య వైర్లకు తొడిగిన రబ్బరు గొట్టం, అంటే బూట్‌లో ఉన్న వైరింగ్.

అంతకుముందు జరిగిన పని

మొదటి షాపులో టెస్ట్ లాంప్ క్లిప్పును బాడీకి పెట్టి, సూదిని మోటారు కప్లర్‌లో గుచ్చి చూశారట. పైకి నొక్కితే ఒక వైరు మీద లాంప్ వెలిగింది. కిందికి నొక్కితే రెండో వైరు మీద వెలిగింది. రెండు వైపులా కరెంటు వస్తోంది, అద్దం మాత్రం ఎక్కడం లేదు, కాబట్టి అద్దం బరువు ఎత్తలేని మోటారే దోషి అని తేల్చి మోటారు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరు సెట్టు మార్చారు. బిల్లు రెండు వేలు దాటింది. జబ్బు అలాగే ఉంది.

రెండో షాపులో డోర్ స్విచ్ మార్చారు. ఆ ఆలోచనను తప్పు పట్టలేం. ఎందుకో కింద తెలుస్తుంది. అదీ ఫలించకపోయేసరికి మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి అద్దం పైకి లేపి, మళ్లీ ఎవరూ దించకుండా కప్లర్ పీకేశారు. ఎవరో ఆ కప్లర్‌ను తిరిగి పెట్టి స్విచ్ నొక్కడంతో అద్దం దిగిపోయి పట్టా దాకా వచ్చింది.

లాంప్ వెలిగినా మోటారు ఎందుకు తిరగలేదు

ఈ రకం పవర్ విండోలో మోటారుకు శాశ్వతమైన ప్లస్ గానీ శాశ్వతమైన ఎర్త్ (బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు చేరే దారి) గానీ ఉండవు. స్విచ్ ముట్టుకోనప్పుడు రెండు వైర్లూ ఎర్త్ మీదే ఉంటాయి. పైకి నొక్కితే ఒక వైరు ఎర్త్ వదిలి ప్లస్ అందుకుంటుంది, రెండోది ఎర్త్ మీదే ఉండిపోతుంది. కిందికి నొక్కితే వాటి పాత్రలు మారతాయి. ఎక్కడానికి ప్లస్ అందుకునేదాన్ని పై వైరు అని, దిగడానికి ప్లస్ అందుకునేదాన్ని కింది వైరు అని పిలుచుకుందాం.

ఆ ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు సంగతి. ఎడమ డోర్ స్విచ్‌కు సొంత ఎర్త్ లేదు. దానికి ఐదు కాళ్లు: ఒకటి ప్లస్, రెండు మోటారుకు, మిగిలిన రెండు మెయిన్ స్విచ్ నుంచి వచ్చే పై వైరు, కింది వైరు. నొక్కనప్పుడు ఇది ఆ రెండు వైర్లను మోటారుకు కలిపి ఊరుకుంటుంది. అంటే ఎడమ డోర్‌లో పైకి నొక్కినప్పుడు మోటారు నుంచి బయటికి వచ్చే కరెంటు కింది వైరు పట్టుకుని ఎడమ డోర్ బూట్ దాటి, డాష్‌బోర్డ్ కింద నుంచి డ్రైవరు డోర్ బూట్ దాటి, మెయిన్ స్విచ్‌లోకి వెళ్లి అక్కడ ఎర్త్ చేరాలి. ఎడమ అద్దం ఎక్కాలంటే కుడి డోర్ దాకా తెగని దారి కావాలన్నమాట.

మొదటి షాపు లాంప్ బాడీకి క్లిప్ పెట్టుకుని తన ఎర్త్ తానే తెచ్చుకుంది. మోటారుకు ఆ సౌకర్యం లేదు. ప్లస్ వస్తోందన్న మాట నిజమే. వెళ్లే దారి తెగిపోయిందన్న సంగతిని ఆ పరీక్ష చెప్పలేదు.

డోర్ ప్యాడ్ (లోపలి కవరు) విప్పకముందు నాలుగు నొక్కులు

అద్దం అడుగున ఉండగా దిగుతుందో లేదో తెలియదు. అందుకని ముందు దాన్ని సగం ఎత్తుకు తేవాలి. రెండు వైర్లలో ఒకదానికి 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకు ఇచ్చి సగం లేపి ఆపాం. చేత్తో నెట్టి లేపాలని చూడకూడదు. మోటారులోని వార్మ్ గేరు అద్దాన్ని కదలనివ్వదు, బలవంతం చేస్తే రెగ్యులేటరు కేబుల్ తప్పుతుంది. తర్వాత కప్లర్ మళ్లీ పెట్టి, మెయిన్ స్విచ్ మీది విండో లాక్ బటన్ తీసి ఉందో లేదో చూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి నాలుగు నొక్కులు నొక్కాం.

ఎడమ డోర్ స్విచ్: కిందికి పనిచేసింది, పైకి లేదు. మెయిన్ స్విచ్: కిందికీ లేదు, పైకీ లేదు.

ఈ ఫలితంతోనే సగం పని అయిపోతుంది. ఎడమ స్విచ్‌తో దిగుతోందంటే మోటారు బాగుంది, ఆ స్విచ్‌కు ప్లస్ వస్తోంది, పై వైరు మెయిన్ స్విచ్ దాకా తెగకుండా ఉండి ఎర్త్ ఇస్తోంది. పైకి వెళ్లడం లేదంటే కింది వైరు ఎర్త్ ఇవ్వడం లేదు. మెయిన్ స్విచ్‌తో దిగకపోవడం ఆ మాటనే రుజువు చేస్తోంది, ఎందుకంటే అక్కడ దించడానికి ప్లస్ రావాల్సింది అదే కింది వైరు మీద. అంటే అద్దాన్ని ఎక్కనివ్వనిది దాన్ని దించే వైరు. పై వైరును ఎంత వెతికినా ఏమీ దొరకదు.

అదే మెయిన్ స్విచ్‌తో దిగి, ఎక్కకుండా ఉంటే కథ వేరు. అప్పుడు కింది వైరు బాగున్నట్టే. మెయిన్ స్విచ్ లోపల ఆ వైరును ఎర్త్ మీద నిలిపే కాంటాక్టు కాలిపోయిందని అర్థం. మెయిన్ స్విచ్‌తో రెండు వైపులా నడిచి ఎడమ స్విచ్‌తో రెండూ నడవకపోతే ఎడమ స్విచ్‌కు ప్లస్ లేనట్టు, లేదా లాక్ బటన్ నొక్కి ఉన్నట్టు. ఒక్క నొక్కుకూ స్పందన లేకుండా మిగతా మూడు డోర్లు బాగుంటే అప్పుడు మోటారును, దాని కప్లర్‌ను చూడాలి. మోటారు కొనే ముందు నాలుగు నొక్కులు నొక్కితే ఖర్చేమీ లేదు.

కింది వైరు దారిలో అనుమానించాల్సినవి నాలుగు: ఎడమ స్విచ్ లోపలి కాంటాక్టు, ఎడమ బూట్, కుడి బూట్, మెయిన్ స్విచ్ కప్లర్‌లో ఆ పిన్ను. వీటిలో ఏది పోయినా నాలుగు నొక్కుల ఫలితం ఒకటే. రెండో షాపు స్విచ్ మార్చడంలో అర్థం ఉందన్నది అందుకే. వాళ్లు తీసుకున్నది నాలుగింటిలో ఒకటి, మిగతా మూడింటిని చూడకుండా ఆపేశారు.

మీటరుతో తేలనిది, బల్బుతో తేలింది

ప్యాడ్ విప్పి, మోటారు కప్లర్ పెట్టి ఉండగానే వెనుక నుంచి మీటరు సూదులు గుచ్చి ఎడమ స్విచ్‌ను పైకి నొక్కితే, బాడీతో చూసినప్పుడు పై వైరు మీద 12.3 వోల్టులు, కింది వైరు మీద కూడా 12.3. రెండింటి మధ్య సున్నా. మోటారు గుండా వచ్చిన ప్లస్ అవతల పోయే దారి లేక నిలబడి ఉంది. ఎర్త్ పోయిందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే రీడింగ్ లేదు. దీన్ని కప్లర్ పీకి కొలిస్తే కనిపించదు, మోటారు కలిసి ఉండాలి.

తర్వాత ఎడమ స్విచ్ కప్లర్ దగ్గర నుంచి మెయిన్ స్విచ్ కప్లర్ దాకా కింది వైరును మీటరు బీప్‌తో చూస్తే డోర్ పూర్తిగా తెరిచినప్పుడు బీప్ వచ్చింది, సగం మూస్తే పోయింది. బీప్ వచ్చినంత మాత్రాన వైరు బాగున్నట్టు కాదు. మీటరు పంపేది అతి తక్కువ కరెంటు, ఒకటి రెండు రాగి పోగులు తగులుతున్నా అది తృప్తిపడుతుంది. అద్దం ఎక్కేటప్పుడు మోటారుకు అయిదారు ఆంపియర్లు కావాలి. అందుకే ఇలాంటి చోట ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి వాడటం మేలు. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఇంకా గట్టిగా పరీక్షించాలంటే హెడ్‌లైట్ బల్బులో ఒక ఫిలమెంటు వాడితే దగ్గర దగ్గర 5 ఆంపియర్లు. ఎల్‌ఈడీ టెస్టర్లు ఈ పనికి పనికిరావు.

ఎడమ స్విచ్ పీకి దాని కప్లర్‌లో ప్లస్ పిన్నుకూ పై వైరు పిన్నుకూ మధ్య బల్బు పెడితే పూర్తిగా వెలిగింది. ప్లస్ పిన్నుకూ కింది వైరు పిన్నుకూ మధ్య పెడితే వెలగలేదు. డోర్ తెరిచి మూస్తుంటే ఒక చోట మినుకుమంది. స్విచ్ బయటే ఉంది కాబట్టి దాని మీద అనుమానం ఇక్కడితో పోయింది.

మిగిలింది రెండు బూట్లు, ఒక పిన్ను. కిరాయి బండి కదా అని నేరుగా ఎడమ బూట్ విప్పొచ్చు. కానీ ఒక చోట చీలిక కనిపించగానే అదే కారణం అనుకుని మిగతాది చూడకుండా వదిలేసే ప్రమాదం ఉంది. అందుకని దారిని మధ్యలో విడగొట్టడం మంచిది. ఎడమ వైపు కాళ్ల దగ్గరి ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే డోర్ వైరింగ్ కలిసే కప్లర్ దొరుకుతుంది. దాన్ని విడదీసి, బాడీ వైపు సగంలో కింది వైరు పిన్నుకూ ప్లస్‌కూ మధ్య అదే బల్బు పెట్టాం. నిండుగా వెలిగింది. డ్రైవరు డోర్ తెరిచి మూసినా వెలుగు మారలేదు. కుడి బూట్, మెయిన్ స్విచ్ ఒకేసారి లెక్కలోంచి పోయాయి. ఇక తెగింది ఎడమ బూట్‌లోనే.

బూట్ లోపల

బ్యాటరీ మైనస్ తీసి రబ్బరు బూట్‌ను రెండు చివరల నుంచీ వెనక్కి లాగాం. పైకి చూస్తే కింది వైరు ఇన్సులేషన్ అన్ని చోట్లా కలిసే ఉంది. ఇలాంటప్పుడు కళ్లను నమ్మకూడదు. ఒక్కో వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే, లోపల రాగి తెగినది రబ్బరులా సాగుతుంది. కింది వైరు సాగింది. అక్కడ కోస్తే లోపల పచ్చటి చిలుం, రాగి పొడి. సెంట్రల్ లాక్ వైరు, స్పీకరు వైరు ఇన్సులేషన్ కూడా అదే వంపులో పగిలింది. వాటి రాగి ఇంకా ఉంది. బూట్ అడుగున చిన్న చిరుగు, అక్కడి నుంచే నీళ్లు లోపలికి పోయాయి.

తెగిన చోటే రెండు కొనలు మెలిపెట్టి టేపు చుట్టడం తేలిక. కానీ ఆ అతుకు మళ్లీ అదే వంపులో పడుతుంది. సోల్డరింగ్ చేసినా అంతే. సీసం పోగుల మధ్యకు పాకి ఆ కాస్త మేర వైరు గట్టిపడుతుంది, గట్టి భాగం ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడే మళ్లీ తెగుతుంది. కాబట్టి బూట్ లోపల అతుకే ఉండకూడదన్నది నిర్ణయం. మూడు వైర్లకూ బూట్‌లో ఉన్న ముక్క మొత్తం తీసేసి, కింది వైరుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న పోగుల ఆటో వైరు, మిగతా రెంటికి వాటి మందం వైరు వేశాం. ముక్క పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. ఒక అతుకు డోర్ లోపల, ఒకటి కాళ్ల దగ్గరి ప్యానెల్ వెనుక, రెండూ బూట్ చివర నుంచి కనీసం పది సెంటీమీటర్ల దూరంలో. మూడు వైర్ల అతుకులూ ఒకే చోట పడితే ఉబ్బెత్తు వచ్చి రంధ్రంలో ఇరుక్కుంటుంది. అందుకని ఒక్కోదాన్ని మూడేసి సెంటీమీటర్లు జరిపాం. చిలుం వైరు లోపల కొంత దూరం పాకి ఉంటుంది. నల్లబడిన రాగికి అతుకు పట్టదు కాబట్టి మెరిసే రాగి వచ్చేదాకా కోయాలి. అతుకుల మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం.

బిగించే ముందు డోర్ చివరిదాకా తెరిచి చూడాలి, వైరు బిగుసుకోకూడదు. పూర్తిగా మూసి చూడాలి, మడతలో నలగకూడదు. చిరిగిన బూట్‌కు టేపు నిలవదు. పాత సామాన్ల షాపులో అదే మోడల్ బూట్ దొరికితే వైర్లు అతికే ముందే ఎక్కించాం. అతికాక ఎక్కించాలంటే కప్లర్ పిన్నులు పీకాల్సి వస్తుంది.

బాగైంది, కానీ నిదానం

నాలుగు నొక్కులూ పనిచేశాయి. అయినా బండి ఇచ్చేయలేదు, ఎడమ అద్దం ఎక్కడానికి ఏడు సెకన్లు పట్టింది. కుడిది నాలుగు సెకన్లలో ఎక్కుతోంది. వైరు అతుకులో లోపమా, డోర్ లోపల పట్టేస్తోందా? నడుస్తుండగా మోటారు ఎర్త్ వైపు వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 వోల్టులు. అర వోల్టు లోపు ఉంటే ఆ దారికి వంక పెట్టక్కర్లేదు. కానీ క్లాంప్ మీటరులో 11 ఆంపియర్లు, కుడి డోర్‌లో 6. ఎక్కువ లాగుతూ నిదానంగా నడుస్తోందంటే మోటారుకు కరెంటు కొరత లేదు, బరువు ఎక్కువైంది.

కారణాలు రెండు. అద్దం జారే రబ్బరు గాడిలో ఎర్రమట్టి గట్టిపడి ఉంది. కొత్త రెగ్యులేటరును అద్దం అడుగున ఉండగా బిగించడంతో అది కాస్త వంకరగా కూర్చుంది. గాడిని తడిగుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టాం. ఇక్కడ గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పూయకూడదు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అంటుకుని ఇంకా పట్టేస్తుంది. తర్వాత రెగ్యులేటరు బోల్టులు వదులు చేసి, అద్దాన్ని పై గాడిలోకి పూర్తిగా ఎక్కించి అక్కడ బిగించాం. అలా చేస్తే అద్దం తన సరైన చోటు తానే తీసుకుంటుంది. ఆ తర్వాత 6.5 ఆంపియర్లు, నాలుగు సెకన్లు.

దీన్ని వదిలేసి ఉంటే, పైకి రెండు మూడుసార్లు వరసగా నొక్కగానే మోటారు లోపలి వేడి కటౌట్ తెగి కొన్ని నిమిషాలు ఏమీ పనిచేయదు. అప్పుడు "మళ్లీ అదే జబ్బు" అని బండి తిరిగొస్తుంది, బాగు చేసిన వైరునే మళ్లీ విప్పాల్సి వస్తుంది.

ప్యాడ్ మూసే ముందు ఇంకో రెండు పనులు. డోర్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయి, వైరు ముక్కతో పొడిచి తెరిచాం. ప్యాడ్ వెనుక ఉండే ప్లాస్టిక్ షీటును ముందు షాపులో చింపేశారు. మందపాటి పాలిథిన్ కోసి, బ్యూటైల్ టేపుతో చుట్టూ అతికాం. అది లేకపోతే అద్దం మీద నుంచి డోర్ లోపలికి జారిన వాననీళ్లు రంధ్రాల దాకా పోకుండా ప్యాడ్ లోంచి కాళ్ల కింద కార్పెట్‌లోకి వస్తాయి.

బండిలో పడేసి ఉన్న పాత మోటారును బ్యాటరీకి పెట్టి చూస్తే రెండు వైపులా శుభ్రంగా తిరిగింది. పారేయకుండా దాచుకోమన్నాం.

కుడి డోర్ బూట్ కూడా విప్పి చూశాం. రెండు వైర్ల ఇన్సులేషన్ పగుళ్లు బారింది, రాగి ఇంకా తెగలేదు. అప్పుడే మార్చేద్దామంటే, వచ్చే వారం సవారీలు ఉన్నాయి తర్వాత చూద్దామన్నాడు యజమాని. పగుళ్ల మీద తాత్కాలికంగా టేపు వేసి, జాబ్ కార్డు మీద రాసి పెట్టాం: ఎడమ అద్దం మళ్లీ ఇలాగే దిగి ఎక్కకపోతే ముందు కుడి డోర్ బూట్ విప్పండి.